ప్రజాధనమునకు లెక్క చెప్పిన ఇంజనీరు: మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు

ఒక ఆనకట్టను గాని, వంతెనను గాని, కర్మాగారమును గాని చూచువారికి దాని ఎత్తు, వెడల్పు, దార్ఢ్యము కంటికి కనబడును. దానికై వెచ్చింపబడిన ధనము మాత్రము కనబడదు. అది ఎవరి ధనము, ఏ పనికి ఎంత చెల్లినది, మరల ప్రజలకు ఏ రూపమున చేరినది అను ప్రశ్నలకు సమాధానములు కాగితముల కట్టలలో నిదురించుచుండును. ప్రభుత్వోద్యోగులమగు మనలో ఎస్టిమేటు కాగితమును చూడనివారుండరు. పలువురకు అది పై అధికారి మంజూరు కొరకు పంపవలసిన ఒక పత్రము మాత్రమే. ఆ పత్రము ప్రజలకు వ్రాసి యిచ్చిన మాట వంటిదని తలచి, ఆ మాటను జీవితాంతము నిలువబెట్టుకొనినవారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. ఆయనను మహా ఇంజనీరుగ లోకమంతయు ఎరుగును. ఆయనలోని లెక్కలవానిని ఎరిగినవారు తక్కువ. జంషెడ్పూరు తెలుగువారమగు మనకు ఆయన జీవితము రెండు విధముల దగ్గరిది. ఆయన వంశము తెలుగు వంశము. మన పట్టణమునకు ప్రాణమైన ఉక్కు కంపెనీకి ఆయన 1927 మొదలు 1955 వరకు, అనగా 28 ఏండ్లు, డైరెక్టరుగ నుండిరి.

విశ్వేశ్వరయ్యగారి పూర్వులది గిద్దలూరు ప్రాంతమందలి మోక్షగుండము. కొన్ని తరములకు పూర్వమే వారు మైసూరు సంస్థానమునకు తరలిపోయిరి. అయినను ఊరిపేరు ఇంటిపేరై నిలిచినది. 1860 ప్రాంతమున, సెప్టెంబరు 15వ తేదీని, చిక్కబళ్ళాపురము దగ్గర ముద్దెనహళ్ళి యను పల్లెలో వారు జన్మించిరి. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు. కుమారుడు చిన్నవాడై యుండగనే ఆయన గతించెను. కుటుంబమునకు కలిమి లేదు. బాలుడు బెంగళూరు చేరి, ఇతరుల పిల్లలకు చదువు చెప్పి, ఆ వచ్చిన దానితో తన చదువు సాగించుకొనెను. సెంట్రల్ కాలేజీలో పట్టము పుచ్చుకొని, మైసూరు ప్రభుత్వపు విద్యార్థి వేతనముతో పూనాకు పోయి, 1883లో ఇంజనీరింగు పరీక్షలో ప్రథముడుగ ఉత్తీర్ణుడయ్యెను. రూపాయి విలువ పుస్తకములవలన గాక ఆకలివలన నేర్చుకొనిన వానికి పరుల రూపాయి యెడల నిర్లక్ష్యము కలుగదు.

1884లో వారు బొంబాయి రాజధానిలో పబ్లిక్ వర్క్స్ శాఖయందు అసిస్టెంటు ఇంజనీరుగ చేరిరి. ఆ ఉద్యోగపు తొలి దశలో వారికి పేరు తెచ్చినది సింధు దేశమందలి సక్కరు పట్టణపు మంచినీటి పని. సింధునది నీరు బురద నీరు. దానిని వడకట్టుటకు పెద్ద తొట్లు కట్టవలెను. మునిసిపాలిటీ దగ్గర అంత ధనము లేదు. ధనము లేదని పని మానుట ఒక మార్గము. అప్పు చేసి కట్టుట మరియొక మార్గము. విశ్వేశ్వరయ్యగారు మూడవ మార్గము చూచిరి. నది గర్భమందే బావి త్రవ్వించినచో ఇసుకపొరల గుండ ఊరి వచ్చు నీరు సహజముగనే వడగట్టబడునని గ్రహించి, ఆ నీటినే తోడించి పట్టణమున కందించిరి. 1895లో ఆ పని ప్రారంభోత్సవమందెను. ఇచట ఒక విషయము గమనింపదగినది. ఖర్చు తగ్గించుటకై వారు గోడల మందము తగ్గించలేదు, నాసిరకపు సరకు వాడలేదు. ఇసుక చేయగల పనికి కట్టడముతో నిమిత్తమేమి యని ప్రశ్నించుకొనిరి. పొదుపునకును పిసినారితనమునకును గల తేడా ఈ ప్రశ్నలోనే యున్నది.

పూనా జిల్లాలో పని చేయుచుండగా ఇట్టిదే మరియొక సమస్య ఎదురాయెను. ఖడక్‌వాస్లా జలాశయమునందు వానకాలపు నీరు కొంత పొర్లి వృథాగ పోవుచుండెను. నీరు అధికముగ నిలుపవలెనన్న కట్టను ఎత్తు చేయవలెను. పాత కట్టపై క్రొత్త బరువు వేయుట ఖర్చుతో కూడినది, అపాయకరము కూడ. వరద వచ్చినపుడు తమంతట తాము తెరచుకొని, వరద తగ్గగనే మూసికొను తలుపులను వారు రూపొందించి, 20వ శతాబ్దపు మొదటి ఏండ్లలో అలుగుపై అమర్పించిరి. కట్ట పెరుగకయే నీరు పెరిగెను. అదే కాలమున వారు ప్రవేశపెట్టిన బ్లాకు పద్ధతి వలన కాలువ నీరు వంతులవారీగ పంటల కంది, ఉన్న నీటితోనే ఎక్కువమందికి లాభము కలిగెను. క్రొత్త దానిని కట్టుటకు ముందు ఉన్నదానిని పూర్తిగ వాడుకొంటిమా యని అడుగుట వారి అంచనాలలో మొదటి మెట్టు.

1908లో వారు బొంబాయి కొలువునుండి స్వచ్ఛందముగ విరమించి విదేశ పర్యటనమునకు వెడలిరి. ఆ ఏటనే సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచివేసెను. వేలకొలది జనులు మృతినొందిరి. నిజాము ప్రభుత్వము ఆహ్వానింపగా 1909లో వారు హైదరాబాదు చేరి, వాన లెక్కలను, నదీ పరీవాహమును, ఎగువనున్న చెరువుల స్థితిని పరిశోధించిరి. నగరములో ఒడ్డున గోడలు కట్టినంత మాత్రమున వరద ఆగదనియు, ఎగువనే మూసీపైనను ఈసీపైనను జలాశయములు నిర్మించి వరదను పట్టి నిలుపవలెననియు వారి సలహా. ఆ సలహా ననుసరించి 1920లో ఉస్మాన్ సాగరు, 1927లో హిమాయత్ సాగరు పూర్తియయ్యెను. వరద రక్షణ పనిలో లెక్కల చిక్కొకటి కలదు. రక్షణ గోడ రాబడి నీయదు. వరద రాని ఏట అది వ్యర్థ వ్యయముగ తోచును. కాని ఆ జలాశయములే నగరమునకు మంచినీరు నిచ్చెను. ఒకే వ్యయము రెండు ప్రయోజనములు నెరవేర్చినపుడు ఏ ఒక్క ప్రయోజనముపైనను పూర్తి భారము పడదు. నేడు బహుళార్థసాధక ప్రణాళిక లనబడు వాని లెక్కకు మూలమిదియే.

1909 నవంబరులో వారు మైసూరు సంస్థానపు చీఫ్ ఇంజనీరైరి. అచట వారి యెదుట నిలిచిన మహాకార్యము కావేరిపై కన్నంబాడి దగ్గర కట్టదలచిన కృష్ణరాజసాగరము. సంస్థానపు ఆర్థిక శాఖ దీని నెదిరించెను. ఇంత ధనము పోసి కట్టిన జలాశయము వలన పుట్టు విద్యుచ్ఛక్తిని కొనువారెవరని ఆ శాఖవారి ప్రశ్న. ఆ ప్రశ్న తప్పు కాదు. ఖజానాను కాపాడువారు అడుగవలసిన ప్రశ్నయే అది. విశ్వేశ్వరయ్యగారు దానికి కోపముతో గాక అంకెలతో సమాధానము చెప్పిరి. 1902 నుండియు శివసముద్రము విద్యుచ్ఛక్తి కోలారు బంగారు గనులకు పోవుచుండెను. వేసవిలో కావేరి సన్నగిల్లినపుడు ఆ శక్తి తగ్గుచుండెను. జలాశయము కట్టినచో ఏడాది పొడవున నీరు సమముగ విడువవచ్చును. గనులు కొను అదనపు శక్తివలన రాబడి నిశ్చయము. ఆ రాబడి చేతనుండగా, సేద్యపు కాలువల ఫలము మెల్లగ వచ్చినను సంస్థానమునకు భారము కాదు. దివాను ఆనందరావుగారును మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడయరుగారును ఈ వాదమును మన్నించిరి. 1911 అక్టోబరులో మొదటి దశకు 81 లక్షల రూపాయలతో అనుమతి లభించెను.

పని ఆరంభమైన పిదప పెద్ద ఆటంకము కలిగెను. 41.5 టి.ఎం.సి.ల నీరు నిలువజేయవలెనని సంస్థానపు సంకల్పము. దిగువ రైతుల నీటికి లోపము కలుగునని మద్రాసు ప్రభుత్వము అభ్యంతరము చెప్పెను. భారత ప్రభుత్వము 11 టి.ఎం.సి.ల నిలువకు మాత్రమే సమ్మతించెను. అప్పుడు ఇంజనీరు ముందర కఠినమైన లెక్క నిలిచెను. చిన్న కట్టకు చాలినంత పునాది వేసినచో ఇప్పటి ఖర్చు తగ్గును. కాని రేపు ఎత్తు పెంచుటకు అనుమతి వచ్చినను ఆ సన్నని పునాదిపై పెద్ద కట్ట నిలువదు. వెడల్పైన పునాది వేసినచో ఇప్పుడే అధిక ధనము భూమిలో పూడ్చినట్లగును. అనుమతి రానిచో ఆ ధనము వృథా. పునాది మొదటి సంకల్పము ప్రకారము వెడల్పుగనే వేయబడెను. వివాదము మధ్యవర్తుల దగ్గరకును, పై అధికారుల దగ్గరకును పోయి, 1924లో ఒడంబడికతో ముగిసెను. కట్ట పూర్తి ఎత్తున లేచెను. ఆనాడు పునాదిలో పోసిన ధనమే అటుపిమ్మట అనేక రెట్ల ధనమును మిగిల్చెను. తరువాతి తరము చెల్లింపవలసిన ఖర్చును గూడ నేటి అంచనాలో చేర్చి చూచుట దూరదృష్టి. అయినను ఆ ధైర్యము వెనుక నీటి కొలతలును, శిలా పరీక్షలును ఉండెనని మరువరాదు. ఆధారము లేని ధైర్యము జూదమనిపించుకొనును.

ఆ కట్టకు సిమెంటు వాడలేదు. ఆ రోజులలో సిమెంటు పైదేశములనుండి రావలసి యుండెను. స్థానికముగ దొరకు సున్నమును, ఇటుకపొడియగు సుర్కీని కలిపి రాతికట్టడము సాగించిరి. ఖర్చు తగ్గుటయే గాక ఆ ధనము చుట్టుపట్ల పల్లెల కూలీలకును, బట్టీలవారికిని చేరెను. 1930 దశకపు ఆరంభమున కట్ట పూర్తియై, మండ్య ప్రాంతపు మెట్టభూములు చెరకు తోటలయ్యెను. ఆ కాలువ నేడు విశ్వేశ్వరయ్యగారి పేరనే పిలువబడుచున్నది.

ఈ కథలో ఆనాటి అంచనాలలో చాలినంత చోటు దొరకని పద్దు ఒకటి కలదని చెప్పుట న్యాయము. జలాశయము క్రింద కన్నంబాడి మొదలగు గ్రామములు మునిగెను. తరతరముల ఇండ్లును, గుడులును, పొలములును విడిచిపోయినవారి దుఃఖమునకు నష్టపరిహారపు అంకె సరిపోలదు. నేటి చట్టములు పునరావాస వ్యయమును ప్రణాళికలో తప్పక చేర్చవలెనని విధించుచున్నవి. విశ్వేశ్వరయ్యగారి పద్ధతిని మనము మరింత ముందుకు తీసికొనిపోవలసినది ఈ దారినే.

1912 మొదలు 1918 వరకు వారు మైసూరు దివానుగ నుండిరి. బ్యాంకు, విశ్వవిద్యాలయము, సబ్బు కర్మాగారము మొదలగు సంస్థలు ఆ కాలమున వెలసెను. వానిలో వారి లెక్కకు అగ్నిపరీక్ష పెట్టినది భద్రావతి ఇనుప కర్మాగారము. మన సాక్చి కర్మాగారమునకు స్థలము నిర్ణయించుటలో ప్రముఖుడైన అమెరికా ఇంజనీరు సి. పి. పెరిన్‌గారే భద్రావతికి కూడ సలహాదారు. రెంటికిని పోలికయు, భేదమును కలవు. సాక్చికి ఖనిజము మయూరభంజమునుండియు, బొగ్గు ఝరియానుండియు, నీరు సువర్ణరేఖ ఖర్కాయి నదులనుండియు దొరకెను. భద్రావతికి ఖనిజము గలదు, నీరు గలదు, అడవి గలదు. బొగ్గు గనులు లేవు. కట్టె కాల్చిన బొగ్గుతో ఇనుము తీయవలసి వచ్చెను. 1923 జనవరిలో కొలిమి వెలుగుసరికి ప్రపంచ యుద్ధానంతరపు మాంద్యము వచ్చి ఇనుము ధర కూలిపోయెను. కర్మాగారము నష్టములో పడెను. మూసివేయుట మేలని పలువురు తలచిరి.

అప్పటికి విశ్వేశ్వరయ్యగారు దివాను పదవిలో లేరు. తాము తలపెట్టిన పని నష్టములో నుండగా దూరముగ నుండి కారణములు చెప్పుట వారికి సులభమే. ప్రభుత్వము కోరగా వారు 1923లో నిర్వాహక మండలి అధ్యక్షులై 1929 వరకు ఆ భారము మోసిరి. ఒక టన్ను ఇనుమునకు ఖనిజమెంత, బొగ్గెంత, కూలి ఎంత, రైలు కిరాయి ఎంత, వడ్డీ ఎంత, యంత్రముల తరుగుదల ఎంత యని విడదీసి చూచినగాని ఏ పద్దులో ధనము కారిపోవుచున్నదో తెలియదు. విదేశ నిపుణుల స్థానమున క్రమముగ స్వదేశీయులను నియమించి జీతముల వ్యయము తగ్గించిరి. కట్టెబొగ్గు చేయునపుడు వెలువడు తారు, ఆల్కహాలు మొదలగు ఉపోత్పత్తులను అమ్మకమునకు పెట్టిరి. ముడి ఇనుమును అట్లే అమ్ముటకంటె గొట్టములుగ పోసి అమ్మిన లాభమని అందుకు శాల కట్టించిరి. కర్మాగారము నిలిచెను. 1930 దశకమున ఉక్కును, సిమెంటును గూడ దానికి తోడయ్యెను. 1970 దశకమున విశ్వేశ్వరయ్యగారి పేరు పెట్టబడిన ఆ కర్మాగారము 1998లో స్టీల్ అథారిటీ ఆఫ్ ఇండియాలో విలీనమయ్యెను. ఆ సేవకై తమకు రావలసిన పారితోషికమును వారు సొంతమునకు వాడక, బెంగళూరులో చేతిపనుల విద్యాలయము స్థాపించుటకు వినియోగింపజేసిరి.

ఇతరుల అంచనాలను పరీక్షించు పని కూడ వారికి లభించెను. బొంబాయి సముద్రతీరమున బ్యాక్‌బే యనుచోట 1,145 ఎకరముల భూమిని సముద్రమునుండి పైకి తీయవలెనని అచటి ప్రభుత్వము పూనుకొనెను. వ్యయము అంచనాను దాటి పెరుగజొచ్చెను. పూడిక తీయు యంత్రనౌక అనుకొనినంత మట్టిని తీయలేకపోయెను. ప్రజలలో అలజడి పుట్టెను. 1926లో నియమింపబడిన విచారణ సంఘములో విశ్వేశ్వరయ్యగారు ఒక సభ్యులు. కడకు సుమారు 440 ఎకరములు మాత్రమే సముద్రమునుండి వెలికివచ్చెను. యంత్రము కాగితముపై చేయు పనికిని, నీటిలో చేయు పనికిని గల దూరమును ముందుగ కొలువకపోవుట ఎంత నష్టకరమో ఈ ఉదంతము తెలుపుచున్నది.

ఆ మరుసటి ఏడే వారు టాటా ఉక్కు కంపెనీ డైరెక్టరైరి. అప్పటి స్థితిని గుర్తు చేసికొనిన ఆ నియామకపు విలువ తెలియును. 1907లో స్థాపితమైన కంపెనీ 1911 డిసెంబరులో మొదటి ఇనుమును, 1912 ఫిబ్రవరిలో మొదటి ఉక్కును తీసెను. 1917 తరువాత కర్మాగారమును విస్తరింపజేయునంతలో యుద్ధానంతరపు ధరలు దాని నడుము విరిచెను. 1924లో సర్ దొరాబ్జీ టాటాగారు తమ సొంత ఆస్తిని తాకట్టుపెట్టి కంపెనీని కాపాడవలసి వచ్చెను. అదే ఏట రక్షణ సుంకపు చట్టము వచ్చెను. ఆ సుంకము ఊరక లభించినది కాదు. టారిఫ్ బోర్డు కంపెనీ లెక్కలన్నియు తెప్పించుకొని, టన్ను ఉక్కునకు నిజమగు ఉత్పత్తి వ్యయమెంత, న్యాయమగు అమ్మకపు ధర ఎంత యని శోధించెను. 1927లో చట్టము మరల మార్పు చెందెను. సుంకపు భారము మోయువారు దేశ ప్రజలు. కనుక ఖర్చు తగ్గించుట నాడు కంపెనీ లాభనష్టముల విషయము మాత్రమే గాక ప్రజల యెడల బాధ్యతయై యుండెను. భద్రావతిలో టన్ను లెక్క నేర్చిన అనుభవజ్ఞుడు ఆ బోర్డులో కూర్చుండుట సమయోచితము. ఆర్థిక మాంద్యము, రెండవ ప్రపంచ యుద్ధము, స్వాతంత్ర్యము, మొదటి పంచవర్ష ప్రణాళిక – ఇవియన్నియు వారి పదవీకాలముననే గడచెను. 1934లో వారు భారతదేశమునకు ప్రణాళికాబద్ధమగు ఆర్థిక వ్యవస్థ కావలెనని ఒక గ్రంథము ప్రకటించిరి.

వయస్సు 90 దాటిన పిదప కూడ వారికి విశ్రాంతి లేదు. నాడు జంషెడ్పూరు బీహారు రాష్ట్రములోనిదే; 2000 నవంబరులో గదా ఝార్ఖండు ఏర్పడినది. గంగానదిపై రైలును రోడ్డును మోయు వంతెన ఎచట కట్టవలెనను వాదము ఆ రాష్ట్రములో చెలరేగెను. ప్రతి పట్టణమువారును తమ దగ్గరనే కట్టవలెనని కోరిరి. స్థలనిర్ణయము విశ్వేశ్వరయ్యగారి కొప్పగింపబడెను. వారు మొకామాను సూచించిరి. అచట కట్టబడిన రాజేంద్ర సేతువు 1959లో రాకపోకలకు తెరువబడెను. వంతెన వ్యయములో సగము గెలుపు స్థలనిర్ణయములోనే యున్నది. నది ఒడ్డు మారు చోట కట్టిన వంతెన ఏటేట క్రొత్త ఖర్చు పుట్టించును.

1955లో భారతరత్న బిరుదము వారిని వరించెను. 1962 ఏప్రిల్‌లో, నూరేండ్లు నిండిన పిదప, బెంగళూరులో వారు పరమపదించిరి. వారి పుట్టినదినము సెప్టెంబరు 15ను దేశము ఇంజనీర్ల దినముగ జరుపుకొనుచున్నది.

ఈ జీవితమునుండి మన కార్యాలయములకు పనికివచ్చు పాఠము స్పష్టము. ఖర్చును మూడుమార్లు లెక్కింపవలెను. పనికి ముందు, ఉన్నదానితో సరిపెట్టుకొనవచ్చునా యని. పని నడచునపుడు, అంచనాకును వాస్తవమునకును దూరము ఎచట పెరుగుచున్నదని. పని ముగిసిన పిదప, అనుకొనిన ఫలము అనుకొనినవారికి చేరినదా యని. మొదటి లెక్క మనము తరచుగ చేయుదుము. రెండవది ఆడిటువారు అడిగినపుడు చేయుదుము. మూడవది చేయువారు అరుదు. విశ్వేశ్వరయ్యగారు మూడింటిని చేసిరి. అందులోను నష్టము వచ్చినచోటికి తామే పోయి చేసిరి. ఉత్తరాంధ్ర పల్లెలనుండి వచ్చి ఈ కొలిముల చెంత తరతరములుగ చెమటోడ్చిన మన తెలుగువారికి టన్ను ఉక్కు విలువ ఒకరు చెప్పనక్కరలేదు. ఆ చెమటకు తగిన విలువ రావలెనన్న లెక్క వ్రాయు చేయి కూడ అంత నిజాయితీగ నుండవలెను.